తీగకు వదిలిన లూజు

కోరుకొండ రోడ్డులో ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఉపగ్రహం తయారు కాకముందే దాని ఫ్లెక్సీ తయారైంది. గేటు పక్కన రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టారు. అందులో కరస్పాండెంటు గారు, ప్రిన్సిపాల్ గారు, ఎలక్ట్రానిక్స్ విభాగం హెడ్డు మణిశంకర్ గారు, పద్నాలుగు మంది విద్యార్థులు, మూలగా ఒక రాకెట్టు ఉన్నారు. ల్యాబ్ టెక్నీషియన్ అమ్మాజీ లేదు. ఫ్లెక్సీ కట్టేటప్పుడు కింద నిలబడి చూసింది మాత్రం ఆమే. గాలికి చిరగకుండా తాళ్లు కాస్త వదులుగా కట్టమని పనివాళ్లకు చెప్పింది. వాళ్లు చూడ్డానికి బాగుంటుందని బిగించి కట్టారు. నెల తిరక్కుండా రాకెట్టున్న మూల చిరిగి వేలాడింది.

అమ్మాజీకి నలభై ఆరేళ్లు. రాజమండ్రి ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివింది. ఆ ల్యాబులో పంతొమ్మిదేళ్లుగా ఉంది. ఏటా జూన్‌లో ఆమె ఉద్యోగాన్ని ఇంకో ఏడాదికి పొడిగిస్తారు. ల్యాబులో ఏది చెడినా అమ్మాజీ అతుకు వేసిన చోట చెడదని అక్కడ ఒక పేరుంది. ఆ పేరు ఏ ఫైలులోనూ రాసి లేదు. నేను రెండేళ్లు ఆ కాలేజీ లైబ్రరీలో పనిచేశాను. లైబ్రరీ గోడ గడియారాన్ని ఆమే బాగుచేసింది. ఎవరూ అడగలేదు. ఆగిపోయి ఉండడం చూడలేకపోయింది, అంతే.

ఆమె నాన్న బుల్లబ్బాయి కోనసీమ పల్లెల్లో లైన్‌మన్. స్తంభానికీ స్తంభానికీ మధ్య తీగ లాగేటప్పుడు ఎంత లూజు వదలాలో ఆయనకు కొలబద్ద లేకుండా తెలుసు. ఎండకు తీగ సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. వైశాఖంలో తీగ లాగేవాడు పుష్యమాసాన్ని తలుచుకుని లాగాలి అనేవాడు. తలుచుకోకుండా లాగినవాళ్ల తీగలు పుష్యమాసంలో తెల్లవారుజామున తెగేవి. అప్పుడు బుల్లబ్బాయిని నిద్రలేపేవారు. దాంతో ఆయన ఇంట్లో బట్టలారేసే తీగక్కూడా లూజు వదిలేవాడు. అమ్మాజీ వాళ్లమ్మ అచ్చాయమ్మ చీరలన్నీ అంచు మట్టితోనే ఆరేవి. ఈ విషయమై ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్లు వాదన నడిచింది. తీగ మాత్రం తెగలేదు.

కాలేజీ ఉపగ్రహం నిజానికి చాలా చిన్నది. ఎటు కొలిచినా జానెడులో సగం ఉండే డబ్బా. దానికి కరెంటు ఇచ్చేది పక్కలకు బిగించే సోలార్ పలకలు. ఒక్కో పలక మీద ఆరు సెల్స్ అంటించి, ఒకదాన్ని ఇంకోదానికి పలచని వెండిపూత తీగలతో కలుపుతారు. ఈ పలకల పని ఫైనలియర్ చదివే సహస్ర అనే అమ్మాయికి అప్పగించారు. అతుకులు వేసే పని సహజంగా అమ్మాజీకి వచ్చింది.

పని మొదలుపెట్టే ముందు ఈ పలక వెళ్లే చోటు ఎలా ఉంటుందని అమ్మాజీ అడిగింది. సహస్ర వివరించింది. ఉపగ్రహం భూమిని ఒకసారి చుట్టి రావడానికి గంటన్నర పడుతుంది. అందులో సుమారు గంట ఎండ, అరగంట భూమి నీడ. ఎండలో పలక ఎనభై డిగ్రీల దాకా కాగుతుంది. నీడలోకి వెళ్లగానే వేడి పోగొట్టుకుంటూ మైనస్ నలభైకి దిగుతుంది. ఇలా రోజుకు పదిహేను సార్లు.

"అంటే రోజుకి పదిహేను ఎండాకాలాలు, పదిహేను చలికాలాలా?" అంది అమ్మాజీ.

"ఆయ్. ఏడాదికి అయిదు వేలు దాటతాయండి."

"వానాకాలం?"

"ఉండదండి."

"అదొకటి నయం" అని అమ్మాజీ సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పెట్టింది.

ఒక విషయం సహస్రకే మొదట్లో వింతగా అనిపించిందట. ఎండ ఎక్కువైతే పలక ఎక్కువ పని చేస్తుందనుకుంటాం. అలా కాదు. వెలుగు కావాలి గానీ వేడి పనికిరాదు. పలక కాగేకొద్దీ ఓల్టేజీ తగ్గుతుంది. నీడలో గడ్డకట్టి అప్పుడే ఎండలోకి వచ్చిన పలకే అన్నిటికన్నా ఎక్కువ ఓల్టేజీ ఇస్తుంది. అమ్మాజీకి ఇందులో వింత కనపడలేదు. మేలో మధ్యాహ్నం రెండింటికి ల్యాబులో తను కూడా అంతేనంది.

ముందుగా ఒక పక్కకు ఆమె రెండు పలకలు చేసింది. ఒకటి పైకి వెళ్లేది, ఒకటి స్పేరు. రెండింట్లోనూ సెల్లుకీ సెల్లుకీ మధ్య తీగను తిన్నగా వేయకుండా, గోరంచు అంత చిన్న వంపు పెట్టింది. డ్రాయింగులో గీత తిన్నగా ఉందని సహస్ర చూపించింది. డ్రాయింగు చలికి ముడుచుకోదు కదమ్మా అని అమ్మాజీ జవాబు. సెల్లు ఒకలా ముడుచుకుంటుంది, అది అంటుకున్న పలక ఇంకోలా, తీగ మరోలా. ముగ్గురూ మూడు రకాలుగా కదిలే ఇంట్లో ఎవరో ఒకరు వదులుగా ఉండాలని ఆమె లెక్క.

మణిశంకర్ గారి లెక్క వేరు. ఆయన చెడ్డ మనిషి కాదు. రోజూ ఎనిమిదికి పావుగంట ముందే వస్తారు. చొక్కా జేబులో పెన్నుతో పాటు అరడుగు స్టీలు స్కేలు ఉంటుంది. విద్యార్థుల రికార్డుల్లో ప్రయోగం తప్పినా మార్జిన్ తిన్నగా ఉంటే రెండు మార్కులు వేస్తారు. ప్రయోగం సరిగ్గా వచ్చి మార్జిన్ వంకరపోతే ఆ రెండూ తీసేస్తారు. ఆ శుక్రవారం కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ రాబోతోంది. గురువారం మధ్యాహ్నం ఆయన ల్యాబులోకి వచ్చి, పలకను చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకున్నారు.

"ఏంటండీ అమ్మాజీ గారూ, నూడుల్స్ లాగా?"

చలికి లూజు ఉండాలని ఆమె చెప్పింది. తాను లెక్క వేశానని ఆయన చెప్పారు. నూట ఇరవై డిగ్రీల తేడాకు ఆ కాస్త తీగ ముడుచుకునేది వెంట్రుక మందంలో పదో వంతు. ఆ లెక్క సరైనదే. ఆయన ఒక్క చలికాలానికి వేశారు.

కమిటీకి చూపించే పలక వరకైనా తీగలు లాగి నీటుగా చేయమన్నారు. అమ్మాజీ ఆయ్ అంది. అయిదు వంపులూ విప్పి, మిగిలిన తీగ కత్తిరించి, తిన్నగా బిగించి మళ్లీ అతుకు వేసింది. సాయంత్రమైంది. స్పేరు పలక బీరువాలో ఉంది. దాని గురించి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

కమిటీ వాళ్లు మర్నాడు వచ్చారు. ల్యాబులో నాలుగు నిమిషాలు ఉన్నారు. ఫైర్ సిలిండర్ మీద తేదీ చూశారు. పలకను చూసి వెరీ నీట్ అన్నారు. మణిశంకర్ గారు అమ్మాజీ వైపు తిరిగి తల ఊపారు.

నీటుగా ఉన్న ఆ పలకే పరీక్షకు వెళ్లింది. వేరే ఊళ్లో ఒక టెస్టింగ్ కేంద్రం ఉంది. అక్కడ పలకను గాలి తీసేసిన పెట్టెలో పెట్టి, వేడికీ చలికీ పన్నెండు సార్లు తిప్పుతారు. ఏడోసారి చలిలో ఉండగా పలక కరెంటు ఇవ్వడం మానేసింది. వేడికి తీసుకురాగానే మళ్లీ ఇచ్చింది. ఎనిమిదోసారి కూడా అంతే. చలికి మానేసే పలక పైకి పనికిరాదని రాసి వెనక్కి పంపారు. మూడు వారాల్లో సరైన పలక పంపకపోతే ఆ రాకెట్టులో చోటు ఇంకో కాలేజీకి ఇచ్చేస్తామని కింద ఇంకో లైను.

దీనికి కాలేజీ లోపల ఒక ఫారం ఉంది. అందులో గడులు ఉంటాయి. ఏం పోయింది, ఎందుకు పోయింది, ఎవరు చేశారు, సంతకం. మణిశంకర్ గారు అందమైన అక్షరాలతో నింపారు. ఎందుకు పోయింది అన్నచోట అతుకు సరిగా పడలేదని, ఎవరు చేశారు అన్నచోట అమ్మాజీ అని రాశారు. ఆయన అన్యాయంగా రాయలేదు. చలికి విడిపోయి వేడికి కలుసుకునే లోపం చాలాసార్లు చెడ్డ అతుకు వల్లే వస్తుంది. పుస్తకంలో అలాగే ఉంది. ఆఫీసు వాళ్లు ఆ ఫారం తిరిగి రాకముందే నిర్ణయం కూడా చేసేశారు. అమ్మాజీని హాస్టల్ స్టోర్సుకు మార్చాలి. బియ్యం, కందిపప్పు తూచి మెస్సుకు ఇచ్చే పని. ల్యాబుకు కొత్తవాళ్లను తీసుకోవాలి.

అమ్మాజీ ఫారం రెండుసార్లు చదివింది. సంతకం పెట్టలేదు.

"అతుకు నాదేనండి" అంది. "పోయింది అతుకు కాదేమో."

"మరేంటి?"

"చూసి చెప్తానండి."

సోమవారం లోపల చెప్పమన్నారు. ఆ రోజు గురువారం.

ఆమె పలకను భూతద్దం కింద పెట్టి గంటసేపు చూసింది. ఏ లోపమూ కనపడలేదు. మీటరు పెడితే బ్రహ్మాండంగా పలికింది. లోపం చలిలో తప్ప కనపడదు. రాజమండ్రిలో మైనస్ నలభై దొరకదు. కాలేజీలో ఉన్నది కెమిస్ట్రీ వాళ్ల ఫ్రిజ్జు. అందులో స్టాఫు మజ్జిగ పెట్టుకుంటారు, చాలాసార్లు ఆ మజ్జిగే చల్లబడదు.

శుక్రవారం పొద్దున్నకి అమ్మాజీకి సాల్మన్ గుర్తొచ్చాడు. ఐటీఐలో ఆమెతో పాటు అతనూ చదివాడు. కాకినాడ దాటాక ఉప్పాడ వెళ్లే దారిలో ఒక రొయ్యల ఫ్యాక్టరీలో ఫ్రీజర్ల సూపర్‌వైజరు. చెరువుల్లోంచి వచ్చిన రొయ్యల్ని అక్కడ మైనస్ నలభై దగ్గర గడ్డకట్టించి ఓడలెక్కిస్తారు. ఉపగ్రహానికి కావలసిన చలి గోదావరి జిల్లాల్లో పాతికేళ్లుగా ఉంది. రొయ్యలకు తప్ప ఇంకెవరికీ అవసరం పడలేదు.

సాల్మన్ ఫోన్లో అంతా విని, మా చిన్న ఫ్రీజరు ఈ వారం ఖాళీనే, చెరువుల్లో రొయ్యల పట్టుబడులు లేవు, రమ్మన్నాడు.

శనివారం పొద్దున్నే అమ్మాజీ, సహస్ర మొదటి బస్సెక్కారు. ఒక సంచిలో రెండు పలకలు. ఇంకో సంచిలో ఒక రేకు పెట్టె, దాని మూతకు లోపలివైపు అమ్మాజీ బిగించిన రెండు వంద వాట్ల బల్బులు. వాళ్లు పలకలకు పెట్టే ఎండాకాలం అదే. కండక్టరు ఏంటండీ అని అడిగితే కోడిపిల్లలకండి అంది అమ్మాజీ. వివరంగా చెప్పేంత దూరం కాదు అది.

ఫ్యాక్టరీలో తలకు టోపీ, కాళ్లకు గమ్‌బూట్లు వేసుకుని, మందు నీళ్లలో కాళ్లు ముంచి లోపలికి వెళ్లాలి. పలకల్ని కడగాలా అని గేటు దగ్గర మనిషి అడిగాడు. వద్దన్నారు. వాటిని రెండేసి ప్లాస్టిక్ కవర్లలో, తడి పీల్చే గుళికల పొట్లాలతో సహా మూసేశారు. లోపలికి వెళ్లే ప్రతిదీ రిజిస్టరులో ఎక్కించాలి. రొయ్యల్ని కిలోకు ఎన్ని తూగుతాయో దాన్నిబట్టి కౌంటు అని రాస్తారు. పెద్దవైతే ముప్ఫై కౌంటు, చిన్నవైతే వంద కౌంటు. సాల్మన్ పెన్ను తీశాడు.

"ఏ కౌంటు రాయమంటారండీ అమ్మాజీ గారు?"

"తూచి చూసుకో."

"తల ఉందా, తీసేసిందా?"

"నా తల తీస్తారా లేదా అన్నది ఇందులోనే ఉంది. తొందరగా తలుపు తియ్యి సాల్మనూ."

అప్పుడు సాల్మన్ నవ్వడం మానేసి తలుపు తీశాడు. రిజిస్టరులో ఏం రాశాడో తెలియదు.

ఫ్రీజరు లోపల ఒక చిన్న బల్బు వెలుగుతూ ఉంచారు, పలకల మీద కాంతి పడడానికి. పలకల నుంచి సన్న వైర్లు తలుపు రబ్బరు సందులోంచి బయటికి తీసుకొచ్చి, రెండు మీటర్లకు తగిలించారు. ఒకటి బిగించిన పలకది, ఒకటి లూజున్న స్పేరుది. చలిలో ఇరవై అయిదు నిమిషాలు, రేకు పెట్టెలో ఇరవై అయిదు నిమిషాలు. సహస్ర రికార్డు పుస్తకంలో గీతలు గీసి కూర్చుంది. మార్జిన్ కూడా గీసింది.

అమ్మాజీకి తెలిసిన విషయం ఒకటుంది. సహస్రకూ తెలుసు. బిగించిన పలక ఆగిపోతుంది, అది ఖాయం. ప్రశ్న స్పేరు పలకది. అతుకులు రెండింట్లోనూ ఒకే చేతివి. స్పేరు కూడా ఆగిపోతే తప్పు లూజు తీసెయ్యడంలో లేదు, చేతిలో ఉంది. అప్పుడు మణిశంకర్ గారి ఫారంలో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. అమ్మాజీ సోమవారం నుంచి కందిపప్పు తూయవచ్చు.

మొదటిసారి తలుపు మూశారు. రెండు మీటర్లూ మూడు పాయింట్ రెండు దగ్గర మొదలయ్యాయి. చలి పెరిగేకొద్దీ అంకెలు పెరిగాయి. మూడున్నర. మూడు పాయింట్ ఎనిమిది. చలికి ఓల్టేజీ పెరుగుతుందని తెలిసినా, కళ్ల ముందు పెరుగుతుంటే సాల్మన్‌కు ముచ్చటేసింది. రొయ్య కంటే ఇదే నయమండి, గడ్డకడుతూ కూడా పని చేస్తుంది అన్నాడు. అలా అంటుండగా మైనస్ ఇరవై తొమ్మిది దగ్గర బిగించిన పలక మీటరు సున్నా చూపించింది. తగ్గుతూ రాలేదు. నాలుగు నుంచి నేరుగా సున్నా. పక్క మీటరు పెరుగుతూనే ఉంది.

అమ్మాజీ సాల్మన్ కోటు వేసుకుని, చేతికి తొడుగులు, కంటికి భూతద్దంతో లోపలికి వెళ్లింది. కోటు మోకాళ్ల దాకా వచ్చింది. రెండు నిమిషాల తర్వాత తలుపు తీసుకుని బయటికొచ్చింది. భూతద్దం మీద మంచు పట్టింది. చూసింది చెప్పింది. మూడో సెల్లు దగ్గర అతుకు ఇత్తడి బిందెకు వేసిన మాటులా కదలకుండా ఉంది. దాని పక్కన, అతుకు అయిపోయి తీగ మొదలయ్యే చోట, తీగ చీలింది. వెంట్రుక పట్టేంత సందు. తర్వాత సహస్ర లోపలికెళ్లి, కవరు మీంచే ఫోనుతో దాన్ని ఫొటో తీసుకొచ్చింది. పలకను రేకు పెట్టెలో పెట్టి వేడెక్కించాక చూస్తే ఆ సందు మూసుకుపోయింది. మీటరు ఏమీ జరగనట్టు మళ్లీ పలికింది.

ఆ రోజు పదిసార్లు తిప్పారు. ఏడోసారి దగ్గర ముగ్గురూ స్పేరు పలక మీటరు మీదికి వంగారు. టెస్టింగ్ కేంద్రంలో బిగించిన పలక ఆగింది ఏడోసారే. స్పేరు పలక ఏడు దాటింది, ఎనిమిది దాటింది. పదోసారి అయ్యేసరికి ఫ్యాక్టరీ సైరను మోగింది. రాత్రికి ఇద్దరూ సాల్మన్ వాళ్లింట్లో పడుకున్నారు. వాళ్లావిడ రొయ్యల కూర వండింది. ఆ ఇంట్లో రొయ్యలు ఇష్టంగా తిన్నది అతిథులిద్దరే.

ఆదివారం సాల్మన్ ప్రార్థన ముగించుకుని తొమ్మిదింటికి వచ్చాడు. సాయంత్రానికి ఇరవై సార్లు పూర్తయ్యాయి. స్పేరు పలక ఒక్కసారీ ఆగలేదు. ప్రతిసారీ చలికి నాలుగు దాకా ఎక్కింది, వేడికి మూడు దిగువకు దిగింది. మళ్లీ ఎక్కింది. సహస్ర ఇరవయ్యో గీత కింద రెండు గీతలు కొట్టింది. అమ్మాజీ పలకను కవర్లోంచి తీసి, అయిదు వంపుల్నీ గోటితో ఒక్కొక్కటే తాకి చూసింది. ఏమనిపించిందని నేను తర్వాత అడిగాను. గోరు చల్లబడిందంది.

సోమవారం ఎనిమిదింటికి పావుగంట ముందే ఆమె మణిశంకర్ గారి గది బయట ఉంది. ఆయన రికార్డు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూశారు. ఫొటో పెద్దది చేసి చూశారు. కాలిక్యులేటరు తీసి, వెంట్రుకలో పదో వంతును ఏడాదికి వచ్చే అయిదు వేల అయిదు వందల చలికాలాలతో గుణించారు. వచ్చిన అంకె చూసి, కాలిక్యులేటరు ఆపేశారు.

"తీగ చీలింది" అన్నారు.

"ఆయ్."

"అతుకు బానే ఉంది."

"ఆయ్, ఉందండి."

కొట్టివేతలు ఆయనకు పడవు. పాత ఫారం చింపి, కొత్త ఫారం తీశారు. ఏం పోయింది అన్నచోట తీగ అని రాశారు. ఎందుకు పోయింది అన్నచోట వంపు తీసేయడం వల్ల అని రాశారు. మూడో గడి దగ్గర, ఎవరు చేశారు అన్నచోట, పెన్ను ఆగింది. ఆ గడిలో ఒక్క పేరుకే చోటుంది. ఆయన పెన్ను మూత పెట్టారు, తీశారు.

"నా పేరు రాయండి, అబద్ధమేం కాదు" అంది అమ్మాజీ. "తీసింది నేనే. తియ్యమన్నది మీరండి. రెండో మాటకి ఫారంలో గడి లేదు."

బయట అటెండరు కుళాయి కింద మొదటి బిందె పెట్టిన చప్పుడైంది. మణిశంకర్ గారు ఎవరు చేశారు అన్నచోట అమ్మాజీ అని రాశారు. తర్వాత జేబులోంచి స్టీలు స్కేలు, సొరుగులోంచి పెన్సిలు తీసి, స్కేలును కాగితం మీద ఆనించి, ఆ గడి పక్కన ఉన్న ఖాళీలో ఇంకో గడి గీశారు. నాలుగు మూలలూ కలిశాయో లేదో వంగి చూసుకున్నారు. ఒక మూల కాస్త దాటింది. దాన్ని రబ్బరుతో తుడిచి సరిచేశారు. ఆ గడి పైన చెయ్యమన్నవారు అని రాసి, లోపల తన పూర్తి పేరు, హోదా రాసి, సంతకం చేశారు. తేదీ కూడా వేశారు.

"స్టోర్సుకి ఇంకెవరినైనా చూసుకోమని ఆఫీసుకి చెప్తాను" అని కాగితం ఆమె వైపు తిప్పారు.

అమ్మాజీ తన గడిలో సంతకం చేసింది. స్పేరు పలకను పరీక్షకు ప్యాక్ చేయడానికి దూది ఎక్కడుందని అడిగి, ల్యాబుకు వెళ్లింది.